పెరటి కోళ్లు – మీ ఉత్తరాలు: గిన్నె తోమి ఎన్ని రోజులైంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్ల గురించే. ముసురు పట్టిందంటే ఇట్లాగే వస్తాయి. అందరిదీ ఒకటే మాట: "సారూ, కోళ్ల నీళ్లలో ఏం కలపాలి?" పసుపా, వేపాకా, వెల్లుల్లా, బ్లీచింగ్ పౌడరా? ఒకాయనైతే ఏడు రకాల పేర్లు రాసి, ఏది ముందు ఏది వెనక అని అడిగాడు. నీళ్లు పోసే గిన్నెను చివరిసారి ఎప్పుడు తోమారో మాత్రం ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. అందుకని ఆ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని కూర్చున్నా.

ఇంకో మాట. కవరు మీద "డాక్టర్ గారికి" అని రాయకండి. నేను పశువుల దవాఖానలో 30 ఏళ్లు చేసి రిటైరైన కాంపౌండర్‌ని. డాక్టర్లు చదువుకున్నది చెప్తారు, నేను చూసింది చెప్తా. హసన్‌పర్తి దగ్గర మా ఇంటి వెనక ప్రస్తుతం 14 కోళ్లున్నాయి. పోయినసారి 15 అని రాశాను కదా, ఒకటి బోనాల పండక్కి వెళ్లిపోయింది.

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు): డాబా మీద ఆరు కోళ్లు పెంచుతున్నాం. తెల్ల ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పెడతాను. రెండు రోజులకే పచ్చగా నాచు పడుతోంది. మా అత్తమ్మ పసుపు వెయ్యమంటుంది. మా ఆయన ఫోన్‌లో చూసి పర్మాంగనేట్ తెచ్చాడు. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: అమ్మా, రెండూ పక్కన పెట్టండి. ముందు ఆ టబ్బును ఎండలోంచి తియ్యండి. నాచు పెరగాలంటే వెలుతురు కావాలి. తెల్ల ప్లాస్టిక్ అయితే పైనుంచే కాదు, పక్కల నుంచి కూడా వెలుతురు దూరుతుంది. దాంట్లో రెట్ట, దాణా పొడి కాస్త పడ్డాయంటే నాచుకు ఎరువు కూడా అందినట్టే. ముదురు రంగు డబ్బా గానీ మట్టి మూకుడు గానీ నీడలో పెడితే నాచు అంత తొందరగా రాదు.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. నీళ్లు పారబోసి, టబ్బు లోపలి గోడకు వేలు ఆనించి కిందికి గియ్యండి. వేలు జారిందా? జిగటగా అంటిందా? మీరు భయపడాల్సింది పచ్చగా కనిపించే నాచు కన్నా ఆ జిగురుకే. సూక్ష్మక్రిములు గోడకు అతుక్కుని, తమ చుట్టూ కట్టుకునే పొర అది. కొత్త నీళ్లు పోసి గిరగిరా తిప్పి పారబోస్తే కదలదు. దాని మీద బ్లీచింగ్ వేశారనుకోండి, ఆ మందు పైపై మురికితోనే ఖర్చయిపోతుంది, లోపలిదాకా పోదు. కాబట్టి రుద్దాల్సిందే. కొబ్బరి పీచు, కాస్త బూడిద చాలు. అంట్ల సబ్బు వాడినా పర్వాలేదు, వాసన పోయేదాకా కడగాలి.

మా ఇంట్లో రెండు గిన్నెలున్నాయి. ఒకటి కోళ్ల ముందు ఉంటే రెండోది తోమి ఎండలో బోర్లించి ఉంటుంది. తెల్లారి మారుస్తా. ఆదివారం రెండింటికీ బ్లీచింగ్ స్నానం: 10 లీటర్ల బకెట్ నీళ్లలో చిన్న చెంచాడు బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తోమిన గిన్నెలను పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో కడిగి ఆరబెడతా. ముందు తోమడం, తర్వాత ముంచడం. తిరగేస్తే శ్రమ దండగ.

ఈ పని వంటింటి సింకులో మాత్రం చెయ్యకండి. కోడి రెట్టలో మనకు వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఉండొచ్చు, కోడి చూడ్డానికి బాగానే ఉన్నా సరే. పీచు కూడా వేరుగా ఉండాలి. ఒకసారి కోళ్ల పీచుతో నేను టీ గ్లాసు కడుగుతుంటే మా ఇంటావిడ కంటపడింది. ఆ రోజు నుంచి కోళ్ల పీచు పెరటి గోడకు మేకు కొట్టి, ఎర్రతాడుతో వేలాడుతోంది.

ఇక మీ అత్తమ్మ మాట. చిటికెడు పసుపుకు కోళ్లేం చావవు. కానీ నీళ్లే పచ్చగా ఉంటే మురికి పట్టిందో లేదో ఎట్లా తెలుస్తుంది? పర్మాంగనేట్‌ను పాత రోజుల్లో మేమే ఇచ్చేవాళ్లం, కాదనను. నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నంతవరకే అది మందు. వంకాయ రంగుకు తిరిగితే కోడి నోరూ పేగూ పుండు పడతాయి. ఇంట్లో ఎవరూ కొలిచి వెయ్యరు, వేళ్లతో తీసి వేస్తారు. మీ ఆయన్ని ఆ పొట్లం తిరిగి ఇచ్చేసి రమ్మనండి.

గిన్నెను నేల మీద పెట్టొద్దు. కోడి గీరకుండా ఉండలేదు. గీరిందంటే మట్టి, ఊక, రెట్ట అన్నీ నీళ్లలోకే. రెండు ఇటుకల మీద ఒక బండముక్క వేసి, గిన్నె అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేట్టు పెట్టండి. దాణా గిన్నెకు నాలుగడుగులు ఎడం ఉండాలి, లేకపోతే ముక్కుకు అంటిన తవుడంతా నీళ్లలో పడి పులుస్తుంది. అసలు ఆరు కోళ్లకు టబ్బెందుకమ్మా? పెట్ట రోజుకు పావు లీటరు తాగుతుంది, ఎండాకాలంలో దాదాపు రెట్టింపు. ఇప్పుడు మీకు రెండు లీటర్ల గిన్నె చాలు. పెద్ద టబ్బులో నీళ్లు నిండుగా కనిపిస్తుంటే పారబొయ్య బుద్ధి కాదు, నాచుకు కావాల్సింది కూడా అదే.

ప్రశ్న (నర్సంపేట వైపు నుంచి ఒక రైతు): పత్తి చేనుకు కొట్టిన మందు డబ్బాలు గట్టిగా ఉంటాయి. సబ్బుతో నాలుగుసార్లు కడిగి, మధ్యకు కోసి కోళ్లకు నీళ్లు పెడుతున్నా. ఏమన్నా అయితదా?

జవాబు: అయితది తమ్మీ. ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ డబ్బా తీసెయ్, తర్వాత వచ్చి మిగతాది చదువు.

ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుంది. నువ్వు సబ్బుతో కడిగింది పైపై పూతను మాత్రమే. లోపల ఇంకింది రోజూ కొంచెం కొంచెం నీళ్లలోకి దిగుతుంది, ఎండకు ఇంకా ఎక్కువ. పత్తికి మనవాళ్లు ఏళ్ల తరబడి కొట్టిన మోనోక్రోటోఫాస్ పక్షులకు మహా చెడ్డది. 1990ల్లో అర్జెంటీనాలో మిడతల కోసం పొలాల్లో ఇదే మందు కొడితే, ఆ మిడతల్ని తిన్న గద్దలు వేలకొద్దీ చచ్చిపడ్డాయి. గద్దకే అట్లా అయితే కోడి ఏపాటి?

ఖాళీ అయిన డబ్బాను అక్కడికక్కడే మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పిచికారీ ట్యాంకులోనే పోసుకుని, డబ్బాకు చిల్లులు పొడిచెయ్. ఇంటికి తేవద్దు. ఇంకో సంగతి నువ్వు రాయలేదు గానీ నేను అడుగుతున్నా: కోసిన డబ్బా పై సగం ఏం చేశావ్? బియ్యం కొలవడానికో, బాత్‌రూమ్‌లో మగ్గుగానో వాడుతుంటే అదీ తీసెయ్.

ప్రశ్న (జమ్మికుంట నుంచి ఒక యువతి): నెల దాటిన వనరాజా పిల్లలు 20 తెచ్చుకున్నాం. కాచి చల్లార్చిన నీళ్లే పోస్తున్నాం. అయినా వారంలో ఏడు పోయాయి. రెట్టలో రక్తం కనబడుతోంది. నీళ్లు ఇంత శుభ్రంగా ఉంటే ఎందుకిట్లా అవుతోంది?

జవాబు: బిడ్డా, నీళ్లు శుభ్రమే. నేల సంగతేంటి?

రెట్టలో రక్తం, పిల్లల వయసు, ఈ ముసురు, మూడూ కలిపి చూస్తే రక్తపారుడు లాగే ఉంది. పుస్తకాల్లో కాక్సిడియోసిస్ అంటారు. మూడు వారాలు దాటి రెండు నెలల లోపు పిల్లలకు ఎక్కువగా వస్తుంది. దీని క్రిమి గుడ్లలాంటి తిత్తులుగా రెట్టతో బయటపడుతుంది. పడ్డ వెంటనే అదేం చెయ్యలేదు. తడీ వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో ముదిరి, అప్పుడు ఇంకో పిల్ల కడుపులోకి పోయి పేగును కొరుకుతుంది. నేల పొడిగా ఉంటే ముదరక ముందే చాలావరకు ఎండి చస్తుంది. ఇంతకీ కోళ్ల గూట్లో తడి ఉండేది ఎక్కడ? నీళ్ల గిన్నె చుట్టూ మూరెడు మేర. పిల్లలు పగలంతా తచ్చాడేదీ, రెట్ట వేసేదీ, గీరి ఏరుకుని తినేదీ అక్కడే. నువ్వు నీళ్లు కాచినా, బ్లీచింగ్ వేసినా దానికి లెక్కలేదు. ఆ తిత్తి పైపొర మందంగా ఉంటుంది, క్లోరిన్‌కు లొంగదు.

ఈ సంగతి నాకు ఉద్యోగంలో ఉండగానే తెలుసు. తెలిసీ ఏం చేశానో విను. రిటైరైన ఏడాది శ్రావణంలో 18 పిల్లలు తెచ్చుకున్నా. బోర్లించిన సీసా లాంటి డ్రింకర్ ఒకటి ఉండేది, అంచు దగ్గర వెంట్రుకవాసి పగులు. రాత్రీపగలూ చుక్కచుక్క కారేది. కొత్తది కొందాం కొందాం అని వాయిదా వేస్తూ, కారిన చోట రోజూ ఒక దోసెడు కొత్త ఊక చల్లి, పొడిగా ఉందని నాకు నేనే చెప్పుకున్నా. ఆరో రోజు పొద్దున ఒక పిల్ల రెక్కలు వేలాడేసి మూలన నిలబడింది. డ్రింకర్ పక్కకు జరిపి ఊకలోకి చెయ్యి పెట్టా. పైన అంగుళం మందాన కరకరలాడే పొడి. కింద అంతా వెచ్చగా, పులిసిన వాసన. పిడికిలి బిగిస్తే ముద్దయింది, వేళ్ల సందుల్లోంచి నీళ్లు వచ్చాయి. 11 పిల్లలు పోయాయి. ఊళ్లోవాళ్ల కోళ్లకు మందులిచ్చిన చెయ్యి ఇది! మా ఇంటావిడ ఒక్క మాట అనలేదు. ఆ పగిలిన డ్రింకర్‌ను మాత్రం ఇప్పటికీ పారెయ్యనివ్వదు, పెరటి కిటికీలోనే పెట్టింది.

నువ్వు చెయ్యాల్సింది ఇది. రెట్టను కాగితంలో పట్టుకుని ఈ రోజే దగ్గరి పశువుల దవాఖానకు వెళ్లు. ఆంప్రోలియం లాంటి మందు ఇస్తారు, సాధారణంగా నీళ్లలోనే కలపమంటారు. జబ్బు పడ్డ పిల్ల మేత మానేసినా నీళ్లు తాగుతుంది కాబట్టి. వాళ్లు చెప్పిన కొలతే వెయ్యాలి, రోజూ కొత్తగా కలపాలి. మందు పెట్టినన్నాళ్లు పిల్లలకు వేరే నీళ్లు అందకూడదు. వాకిట్లో వాన గుంట ఉంటే మందు నీళ్లు వదిలేసి దాని దగ్గరికే పోతాయి, అది పూడ్చెయ్. పాత ఊక మొత్తం ఎత్తి దూరంగా పోసి, నేల ఆరాక కొత్తది పరుచు. ఊక పిడికిట పట్టి వదిలితే విడిపోవాలి. ముద్ద కట్టిందంటే తడి ఉన్నట్టే.

గిన్నె కింద నేల తడవకుండా ఒక చిన్న ఏర్పాటు చేసుకో. జానెడు ఎత్తు చెక్క చట్రానికి ఇనుప జాలీ బిగించి, దాని మీద గిన్నె పెట్టు, జాలీ కింద ఒక పళ్లెం. ఒలికిన నీళ్లు పళ్లెంలో పడతాయి, పిల్లలు జాలీ మీద నిలబడి తాగుతాయి. మరీ చిన్న పిల్లలైతే గిన్నెలో గులకరాళ్లు వెయ్యాలి, లేకపోతే పడి మునుగుతాయి. పెద్ద కోళ్లకు రాత్రి గూట్లో నీళ్లు అక్కర్లేదు. చీకట్లో కోడి దిగి తాగదు, గిన్నె తన్నుకుంటే గూడు తడవడమే మిగిలేది. తెల్లారి తలుపు తియ్యగానే ఎదురుగా నీళ్లుండాలి, అంతే.

ప్రశ్న (పరకాల నుంచి): భగీరథ నల్లా నీళ్లు ఒక్కోరోజు మందు వాసన కొడుతున్నాయి. కోళ్లకు అవే పొయ్యాలా, బోరు నీళ్లు పొయ్యాలా?

జవాబు: మీరు తాగుతున్నారా? అయితే కోళ్లకూ పొయ్యండి. మనం తాగే మోతాదు క్లోరిన్ కోడికి ఏం చెయ్యదు. వాసన ఇబ్బందైతే వెడల్పాటి బకెట్లో పోసి కాసేపు ఎండలో ఉంచితే తగ్గుతుంది. బోరు నీళ్లు మా వైపు చాలాచోట్ల ఉప్పగా, సున్నంగా ఉంటాయి, గిన్నెకు తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ గరుకులో జిగురు ఇంకా బాగా పట్టుకుంటుంది. 1000 లీటర్ల ట్యాంకు నింపుకుని వాడేవాళ్లు, ట్యాంకు కడిగాక, 5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్ నీళ్లలో కలిపి, తేటను పోసి, అరగంట ఆగి వాడుకోవచ్చు. మూత తీసి వదిలేసిన పొట్లంలో బలం ఉండదు, అది వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే.

క్లోరిన్ ఉండకూడని రోజు ఒకటుంది. నీళ్లలో టీకా కలిపి తాగించే రోజు. కొక్కెర తెగులుకు, అదే రాణిఖేత్‌కు, ఇచ్చే టీకాలో బతికున్న వైరస్ ఉంటుంది. క్లోరిన్ తగిలితే అది చస్తుంది, కోడి తాగేది వట్టి నీళ్లే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది నాకు అనుభవమైంది. ఒక ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి టీకా నీళ్లు కలిపి ఇచ్చా, ఊరి బావి నీళ్లతోనే. అంతకు రెండు రోజుల ముందు ఊళ్లో వాంతులు, విరేచనాలు ఎక్కువై పంచాయతీ వాళ్లు ఆ బావిలో బ్లీచింగ్ చల్లారట. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నెల తిరక్కుండా తెగులు వచ్చింది. కోళ్లు పచ్చగా పారి, మెడలు తిప్పుకుంటూ పడిపోయాయి. టీకా తాగిన ఇల్లూ తాగని ఇల్లూ ఒకటే అయింది. ఒక ముసలమ్మ వాకిట్లో నిలబడి "నీ మందు నీళ్లకు పెద్ద దండం కొడుకా" అంది. ఆ మాటకు జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు.

అందుకే పది కోళ్లున్నవాళ్లకు నేను చెప్పేది కంటి చుక్కే. పిల్లకు వారం రోజులప్పుడు కంట్లోనో ముక్కులోనో చుక్క, రెండు నెలలకు దవాఖానలో సూది. చుక్క వేస్తే ఏ పిల్లకు పడిందో ఏ పిల్లకు పడలేదో మన కళ్ల ముందే ఉంటుంది. నీళ్లలోనే ఇవ్వాల్సి వస్తే క్లోరిన్ లేని నీళ్లు, లీటరుకు చిన్న చెంచాడు వెన్నలేని పాలపొడి, ముందు ఒకటి రెండు గంటలు నీళ్లు ఆపడం, కలిపాక రెండు గంటల్లోపు అయిపోయేట్టు చూడటం. ఆ రోజు గిన్నెకు బ్లీచింగ్ స్నానం కూడా వద్దు.

ప్రశ్న (రామగుండం నుంచి, మేలో రాసిన ఉత్తరం. జవాబు ఆలస్యమైంది, మన్నించాలి): గిన్నె నిండా నీళ్లున్నా మధ్యాహ్నం కోళ్లు తాగట్లేదు. నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి. ఐస్ వెయ్యాలా?

జవాబు: అన్నా, ఒంటిగంటకు ఆ గిన్నెలో వేలు పెట్టి చూశారా? రామగుండం ఎండ నాకు తెలుసు. డాబా మీద నల్ల ట్యాంకు, దాని పైపులోంచి పట్టిన నీళ్లు స్నానానికి కూడా పనికిరావు. మనకు వేడిగా తగిలే నీళ్లను కోడి ముట్టదు. కోడికి చెమట పట్టదు, రొప్పి ఒంట్లో నీటిని ఆవిరిగా వదిలి చల్లబడుతుంది. అంటే సరిగ్గా ఎక్కువ తాగాల్సిన వేళకే తాగడం మానేస్తోంది. ఇక పడిపోవడం ఎంతసేపు?

మట్టి మూకుడు, చెట్టు నీడ, మూకుడు చుట్టూ తడి గోనె. పదకొండుకు ఒకసారి, రెండుకు ఒకసారి పారబోసి కుండ నీళ్లు పొయ్యండి. ఐస్ గడ్డలు అక్కర్లేదు. మీకు మరీ ఆరాటంగా ఉంటే సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూకుడులో పడుకోబెట్టండి. మామూలు ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలిపి ఎండ వేళ రెండు మూడు గంటలు పెట్టొచ్చు, తర్వాత పారబోసి వట్టి నీళ్లు. బెల్లం నీళ్లయితే ఆ ఎండకు గంటలో పులుస్తాయి, ఆపైన చీమలు. మేత పొద్దున్నే, మళ్లీ చల్లబడ్డాక. మధ్యాహ్నం తిన్న మేత ఒంట్లో ఇంకా వేడి పుట్టిస్తుంది. వచ్చే మేలో గుర్తుంటుందని ఇంత వివరంగా రాశా.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): అమెరికాలో ఉన్న మా అబ్బాయి కోళ్లకు యాపిల్ సైడర్ వెనిగర్ కలపమంటున్నాడు. మా దగ్గర రాగి చెంబు, జింకు పూత బకెట్ ఉన్నాయి. దేంట్లో కలపాలి?

జవాబు: రెండింట్లోనూ వద్దు. పులుపు తగిలితే జింకు కరుగుతుంది, రాగికి చిలుము పడుతుంది. రెండూ కోడికి విషమే. మజ్జిగ పోసేవాళ్లకూ ఇదే మాట. ఆ వెనిగర్‌ను ప్లాస్టిక్ డ్రింకర్‌కు పట్టిన సున్నం పెచ్చు వదిలించడానికి వాడుకోండి, దానికి భలే పనిచేస్తుంది. అయితే బ్లీచింగ్‌తో కలిపారో, వచ్చే వాయువుకు మీరే ఊపిరాడక పడిపోతారు. అబ్బాయిని అడిగానని చెప్పండి.

ప్రశ్న (పాకాల చెరువు దగ్గరి పల్లె నుంచి): మా కోళ్లు చెరువు కాలువలోనే తాగుతాయి. గిన్నె పెడితే చూడవు కూడా. తరాలుగా ఇంతే. ఇప్పుడు మార్చాలా?

జవాబు: చలికాలం నాలుగు నెలలైనా మార్చండి. ఆ నెలల్లో ఎక్కడెక్కడి నుంచో బాతులు, కొంగలు దిగుతాయి. బర్డ్ ఫ్లూ వైరస్ నీటి పక్షుల పేగుల్లో ఉండి, వాటికి పెద్దగా జబ్బు చెయ్యకుండానే రెట్టతో నీళ్లలో పడుతుంది. చల్లటి నీళ్లలో చాలా రోజులు బతుకుతుంది. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రాలో గోదావరి జిల్లాల ఫారాలు ఎంత దెబ్బతిన్నాయో చూశాం కదా. గిన్నె ముట్టవని రాశారు. పొద్దున కాలువ దగ్గరికి వదలకముందే గూటి ముందు నీళ్లు పెట్టండి. రాత్రంతా దాహంతో ఉంటాయి, మొదట కనిపించినవే తాగుతాయి. వారం అలవాటు చేస్తే చాలు. ఒకేసారి నాలుగైదు కోళ్లు చచ్చి పడితే చేతులతో ముట్టకుండా దవాఖానకు చెప్పండి, 1962కు ఫోన్ చేసినా సరే. కొయ్యడం, పంచుకోవడం వద్దు.

ప్రశ్న (ములుగు నుంచి, నాలుగో తరగతి చదివే పాప రాసింది): తాతా, మా కోడి నీళ్లు తాగిన ప్రతిసారీ ఆకాశం దిక్కు ఎందుకు చూస్తది? దేవుడికి దండం పెడతదని మా నానమ్మ చెప్పింది.

జవాబు: మీ నానమ్మ మాటను కాదనే ధైర్యం నాకు లేదు తల్లీ. ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు గ్లాసులో నీళ్లు పీల్చినట్టు కోడి పీల్చలేదు. ముక్కులో కాసిని నీళ్లు పట్టుకుని తల పైకెత్తుతుంది, అవి గొంతులోకి జారతాయి. అందుకే ప్రతి గుక్కకూ ఒకసారి పైకి చూస్తుంది. పావురాన్ని చూడు, అది ముక్కు ముంచి అట్లాగే పీల్చేస్తుంది, తల ఎత్తదు.

ఈ పొద్దున మా కాకి పెట్ట ముందు పీట వేసుకుని కూర్చుని లెక్కపెట్టా. 19 సార్లు ఎత్తింది. ఇరవయ్యోసారికి పుంజు వచ్చి తరిమేసింది. మీ కోడి ఎన్నిసార్లు ఎత్తుతుందో నువ్వూ లెక్కపెట్టి రాయి.